కూజా మెడ మీద మడత

కాగితం చుట్టుకుపోకుండా ఆర్కిటెక్టు దాని నాలుగు మూలలా నాలుగు సుత్తులు బరువు పెట్టాడు. సుత్తులు పుట్టిందే అందుకన్నట్టు పెట్టాడు. కొలిమి యజమాని అబ్దోన్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. సమ్మెట వేసే ఐదుగురూ అతని భుజాల మీంచి తొంగి చూశారు. పెరట్లో పని చేసుకుంటున్న అబ్దోన్ అక్క ఎతెల్వినాని మాత్రం ఎవరూ పిలవలేదు.

పిలవాలని ఎవరికీ తోచదు. మా సాంతా క్లారాలో రాగి కొట్టని వీధి లేదు, ఆడవాళ్ల చెయ్యి పడని కూజా కూడా లేదు. కానీ బేరానికి ఎవరైనా వస్తే కూజాలు వాకిట్లోకి వస్తాయి, ఆడవాళ్లు పెరట్లోకి పోతారు.

"జాతీయ ఘనత పురస్కారం," అన్నాడు ఆర్కిటెక్టు. రెనాతో ఇబార్గెన్ అతని పేరు, రాజధాని మనిషి. వానాకాలంలో మా ఊరి బురదలోకి తెల్లబూట్లు వేసుకుని వచ్చే ధైర్యం రాజధాని వాళ్లకే ఉంటుంది. "ఈ ఏటి నుంచి ఇస్తున్నారు. దేశానికి పేరు తెచ్చిన తొమ్మిది మందికి. వాళ్ల చేతిలో పెట్టే శిల్పం ఎలా ఉండాలో చెప్పమని కమిటీ నన్నడిగింది. ఆరు నెలలు ఆలోచించాను మాయెస్త్రో. ఆరు నెలలు!" చెయ్యి తిరిగిన పనివాణ్ణి మా వైపు మాయెస్త్రో అంటారు.

సరిగ్గా అప్పుడే ఎతెల్వినా వేడి రాగిని ముంచే తొట్టి నింపడానికి నీళ్ల బకెట్టుతో లోపలికి వచ్చింది. బల్ల పక్కనుంచి పోతూ కాగితం మీద ఒక చూపు వేసింది.

అడుగు సన్నగా, భుజాలు వెడల్పుగా, మెడ పొడుగ్గా ఒక కూజా. ఎడమ భుజం మీంచి లేచి, ఆ మెడ చుట్టూ ఏటవాలుగా ఎక్కి, తన కిందికి తానే దూరిపోయిన ఒక మడత. దూరిపోయే చోట బొటనవేలి గోరంత పెదవి.

"మన ఆడవాళ్లు చలికి రెబోసో మెడకి చుట్టుకుంటారు చూడండి," అంటున్నాడు ఆర్కిటెక్టు గాల్లో చెయ్యి తిప్పుతూ. "ఆ చుట్టే ఇది. దేశమాత శాలువా. ఘనకార్యం చేసిన బిడ్డకి తల్లి తన శాలువా కప్పుతుంది. అదీ ఇందులో భావం."

ఎతెల్వినా బకెట్టు కింద పెట్టింది. పెట్టడం కాదు, వదిలేసింది. నీళ్లు తెల్లబూట్ల దాకా పోయాయి.

"చూసుకోవద్దా అక్కా!" అన్నాడు అబ్దోన్, ఆమె మొహంలోకి చూడకుండా.

దేశమాత శాలువా! ఆ మడత సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నిరుడు తల్లిని పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం, ఏడుపు రాక, చేతులు ఊరుకోక, సుత్తి పట్టుకుని కూర్చుంది. రాగిని కాల్చి మెత్తబరచకుండానే మెడని లోపలికి కొట్టింది. మెడ ముడుచుకుని మడత పడింది. మెడ మీద మడత అంటే మా ఊళ్లో పని నేర్చుకునేవాళ్లు మొదటి నెలలో చేసే తప్పు. ఇవాళ కాకపోతే రేపు అక్కడ చీలుతుంది. పని తెలిసినవాడెవడైనా దాన్ని మళ్లీ కరిగించే గుంటలో పడేస్తాడు. ఆమె పడెయ్యలేదు. ఏడు రోజులు కూర్చుని, కాల్చి, చల్లార్చి, ఉన్నవాటిలో చిన్న సుత్తితో బుజ్జగించి బుజ్జగించి ఆ మడతని పడుకోబెట్టింది. ఆ గోరంత పెదవి సుత్తి జారిన చోటు. ఆరు నెలలు ఆలోచించిన ఆర్కిటెక్టు గారు ఆమె సుత్తి జారిన చోటు కూడా వదలకుండా గీసుకొచ్చాడు.

ఖాళీ బకెట్టు తీసుకుని ఆమె పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట ఆమె కొట్టిన చెంబుకి దెబ్బలు ఒక్కటీ సమంగా పడలేదు.

*

మర్నాడు పొద్దున్నే రాగి కరిగించారు. బూడిద పరిచిన గుంటలో పాత కరెంటు తీగలన్నీ కరిగి ముద్దయ్యాయి. ఎర్రగా కాలిన ముద్దని అబ్దోన్ పొడుగు పటకారుతో దిమ్మ మీదికి లాగాడు. చుట్టూ ఐదుగురు నిలబడ్డారు. మొదటి దెబ్బ ఎప్పుడూ ముసలి చోన్‌దే, లెక్క చెప్పేదీ అతనే. "ఒకటీ!" అంటే అతని సమ్మెట, "రెండూ!" అంటే పక్కవాడిది. ఐదు దాకా వచ్చి మళ్లీ ఒకటి. ఐదు సమ్మెటలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే ఏదీ ఇంకోదానికి తగలదు. లెక్క తప్పితే ఎవడిదో ఒకడి చెయ్యి పోతుంది. ముద్ద మెల్లగా చదునై బిళ్ల అవుతుంది.

ఆ వలయంలోకి ఆడమనిషి రాకూడదు. వస్తే రాగి అలుగుతుందని మా పెద్దవాళ్లు అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆ కొలిమిలో మెడలు తిప్పేదీ, మెరుగు పెట్టేదీ ఎవరో పాపం రాగికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎతెల్వినా తలకి రెబోసో కప్పుకుని, ఎవరికీ చెప్పకుండా, ప్లాజా మూల ఉన్న హోటలుకి నడిచింది. దారంతా తిట్లు కూర్చుకుంది. ఆర్కిటెక్టు వరండాలో కూర్చుని వేయించిన చిన్నచేపల మీద నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

"రామ్మా, కూర్చో. మాయెస్త్రో పంపించాడా?"

"నన్నెవరూ పంపలేదు. ఆ బొమ్మ మీది కాదు."

"ఏమిటీ?"

"ఆ కూజా నాది. ఆ మడత నాది. రాగి మీద మడత ఎందుకు పడుద్దో మీకు తెలుసా? తెలీదు. తెలిస్తే గీసేవారే కాదు. పైగా ఆరు నెలలు ఆలోచించారట! నా సుత్తి జారిన చోట మీ దేశమాత శాలువా దోపుకుందట! చదువుకున్నవాళ్లు, అడిగితే ఇయ్యమా? అడక్కుండా పట్టుకుపోడానికి సిగ్గెయ్యలేదా?"

పక్క బల్ల దగ్గరి వాళ్లు తిరిగి చూశారు. ఆర్కిటెక్టు వేళ్లు తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకుంది, కోప్పడలేదు. తోలు సంచి తెరిచి ఒక కాగితం తీశాడు.

"నేను దొంగని కాదమ్మా. నిరుడు ఆగస్టు సంతలో ఈ కూజా చూశాను. అడుగున ముద్ర చూశాను. ఆ ముద్ర ఎవరిదో కనుక్కుని ఆ మనిషి దగ్గరికే వెళ్లాను. 'ఇది మీ పనేనా' అన్నాను. 'నాదే' అన్నాడు. దీన్ని చూసి శిల్పం గీసుకుంటానన్నాను. సరేనని సంతకం పెట్టాడు. చూడు. పురస్కారం పుస్తకంలో ఆయన పేరు కూడా వేయిస్తున్నాను. ఇంకొకరైతే అదీ వెయ్యరు."

ఆమె కాగితం దగ్గరగా పట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. కింద తమ్ముడి సంతకం. చివరి అక్షరానికి తోక పెట్టి, ఆ తోకని మళ్లీ వెనక్కి తిప్పడం వాడికి చిన్నప్పుడు నేర్పింది తనే.

"నిజం చెప్పాలంటే," అన్నాడు ఆర్కిటెక్టు, గొంతు తగ్గించి, "ఆ మడత లేకపోతే నేను ఆ కూజా దగ్గర ఆగేవాణ్ణే కాదు. శనివారం కమిటీ మేడమ్ వస్తోంది. వీడియో కూడా తీస్తారు. ఏదైనా ఉంటే మీరూ మీరూ ఇంట్లో మాట్లాడుకోండి, సరేనా?"

ఆమె కాగితం అతనికి ఇచ్చేసింది. కూర్చుకుని వచ్చిన తిట్లు ఇంకా సగం మిగిలిపోయాయి. వాటిని ఇంటికి మోసుకుపోవాల్సి వచ్చింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారు?

*

మధ్యాహ్నం పెరట్లో ఆరుగురు మగవాళ్లూ తింటున్నారు. కొరుందాల ఆకులు విప్పి, లోపలి పిండిముద్దని మిరపకాయ పులుసులో అద్దుకుంటున్నారు. ఎతెల్వినా వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"సంతకం పెట్టావా?"

అబ్దోన్ నమలడం ఆపాడు. "తినేటప్పుడా అక్కా?"

"పెట్టావా, లేదా?"

"పెట్టాను. అయితే ఏంటంట? ముద్ర నాన్నది. ఈ కొలిమిలో ఏది పుట్టినా దాని మీద ఆ ముద్రే పడుద్ది. కొత్తగా నేనేం దొంగతనం చేశాను? ఆయన 'మీ పనేనా' అన్నాడు. మా పనే అన్నాను."

"'నాదే' అన్నావట."

"నాదీ మాదీ ఒకటేగా!"

"ఒకటే అయితే 'మా అక్కది' అని ఎందుకు రాలేదు నోటికి? అదీ ఒకటేగా?"

అబ్దోన్ మొహం ఎర్రబడింది. "చెప్తే ఆయన ఆగేవాడా? పెరట్లో ఆడమనిషి కొట్టిందంటే ఆ మేడమ్ రాజధాని నుంచి ఇంత దూరం వచ్చేదా? నాన్న పేరు మీద వస్తన్నారు, వచ్చిన పనిని నోటితో చెడగొట్టకు. అయినా పేర్లు, పేర్లు అంటన్నావ్. ఇదిగో, చోన్ ఉన్నాడు. నలభై ఏళ్లుగా సమ్మెట వేస్తన్నాడు. ఏ కూజా మీదైనా చోన్ పేరుందా? ఆయన అడిగాడా ఏనాడైనా?"

ఆ మాట తగిలింది. ఎతెల్వినా ఐదుగురి వైపూ చూసింది. నిజమే, ఎవరి పేరూ లేదు. తను కూడా ఏనాడూ ఆ సంగతి తలుచుకోలేదు.

చోన్ మెల్లగా ఆకు మడిచి పక్కన పెట్టాడు. "మధ్యలో నన్ను లాగకు బాబూ. మేం బిళ్ల చేసి ఇస్తాం. అది చెంబవుద్దో, గిన్నవుద్దో మాకు తెలీదు. మా దెబ్బ అందులో కనపడదు. ఆవిడ దెబ్బ కనపడుద్ది. కళ్లకి గంతలు కట్టు, వేలితో తడిమి చెప్తా, ఇది ఎతెల్వినా కొట్టిన చోటని. నీ చేతివాటం మాత్రం తడిమి చెప్పలేను, ఏవనుకోకు."

ఒకడు కిసుక్కుమన్నాడు. అబ్దోన్ చూసిన చూపుకి మళ్లీ ఆకులో తల దూర్చాడు.

"సరే అక్కా," అన్నాడు అబ్దోన్, గొంతులో తేనె పోసుకుని. "శనివారం దాకా ఓపిక పట్టు. నేను భుజం దాకా లేపి ఇస్తా, నువ్వు మడత వేసెయ్యి. తొమ్మిదీ అయ్యాక నువ్వెలా అంటే అలా చేద్దాం."

"నేను వెయ్యను."

"ఏంటీ?"

"నీ పనేగా. సంతకం పెట్టావుగా. నువ్వే వెయ్యి."

అబ్దోన్ నవ్వాడు. అక్క అలగడం, అలిగి మళ్లీ పనిలో కూర్చోవడం అతనికి కొత్త కాదు. తక్కినవాళ్లు నవ్వలేదు.

శుక్రవారం అతను మూడు కూజాలు మెడ దాకా లేపి, తెచ్చి ఆమె పీట పక్కన వరసగా పెట్టాడు. పైన ఆమె చిన్న సుత్తిని కూడా పెట్టి, పిల్లిలా తప్పుకున్నాడు. ఎతెల్వినా ఆ సుత్తి తీసుకుంది. దానితో అటోలే జావలోకి బెల్లం గడ్డ పగలగొట్టి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టింది.

తమ్ముడి మీద కోపం తేలిక. తన చేతుల మీద కోపం ఉందే, అదే ఆమెను తినేసింది. పంతొమ్మిదేళ్లుగా పూర్తయిన ప్రతి కూజానీ ఒళ్లో బోర్లించుకుని పట్టుకున్నది తనే. వాడు అడుగున ముద్ర ఆనించి ఒక్క దెబ్బ వేసేవాడు. "గట్టిగా పట్టుకో అక్కా, కదిలితే అక్షరం చెడుద్ది," అనేవాడు. గట్టిగా పట్టుకునేది. ఒక్కసారి కూడా కదలలేదు. కదిలి ఉంటే బాగుండేది.

*

శనివారం కమిటీ మేడమ్ వచ్చింది. వాల్వెర్దే అని పేరు. పొట్టి జుట్టు, గట్టి గొంతు, వెంట ఒక కెమెరా మనిషి. ఆర్కిటెక్టు ఈసారి నల్లబూట్లు వేసుకుని వచ్చాడు, ఆ మాత్రం నేర్చుకున్నాడు. అబ్దోన్ ఇస్త్రీ చొక్కా మీద తోలుగుడ్డ కట్టుకున్నాడు.

"మడత పడే క్షణం తియ్యాలి," అని కెమెరా మనిషికి చెప్పాడు ఆర్కిటెక్టు. "దేశమాత శాలువా కప్పే క్షణం."

అబ్దోన్ మొదటి కూజాని కాల్చాడు, తొట్టిలో ముంచాడు, దాగలి కొమ్ముకి తొడిగాడు. పెరటి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో కూర్చుని ఎతెల్వినా మొక్కజొన్న గింజలు ఒలుస్తోంది. గింజలు పళ్లెంలో రాలుతున్న చప్పుడు తప్ప అటు నుంచి ఇంకేమీ రాలేదు.

ఇక కొట్టక తప్పలేదు. అబ్దోన్ చెడ్డ పనివాడు కాదు, అన్యాయంగా మాట్లాడకూడదు. భుజం దాకా అతనంత గుండ్రంగా లేపేవాడు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మడత లేచింది. దాన్ని వాల్చబోయాడు. వాలే చోట టిక్కుమంది. సన్నటి చీలిక, మెడ సగం దాకా పాకింది.

"రాగి మంచిది కాదు," అన్నాడు అబ్దోన్.

"రాగి మంచిదే," అన్నాడు తిత్తి దగ్గరి నుంచి చోన్.

రెండో కూజా తీశాడు. ఈసారి ఎక్కువ కాల్చాడు, దెబ్బ తేలిక చేశాడు, చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. అది ఇంకా ముందే చీలింది. కెమెరా మనిషి కెమెరా దించాలో వద్దో తెలియక మేడమ్ వైపు చూశాడు.

"మాయెస్త్రో," అంది మేడమ్, "మరి నిరుడు ఎలా చేశారు?"

"నిరుడు..." అన్నాడు అబ్దోన్. సుత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు, తప్పు దానిదే అన్నట్టు. మూడో కూజా ఒక్కటే మిగిలింది. "అక్కా," అన్నాడు చివరికి. "అక్కా, ఒకసారి ఇట్రా."

గింజల చప్పుడు ఆగింది. "ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. వాళ్లకి తెలీదు. చెప్పు."

అబ్దోన్ నేలకి చెప్పాడు. "ఆ కూజా నేను చెయ్యలేదు. మా అక్క చేసింది. నాకు ఆ మడత రాదు."

కెమెరా మనిషి చెవి దగ్గరి తీగ సర్దుకున్నాడు. పాపం, అతని పని అతనిది. "సార్, మైకులో పడలేదండీ. కొంచెం గట్టిగా మళ్లీ చెప్పండి."

కొలిమిలో బొగ్గు చిటపటమంది. అబ్దోన్ తల ఎత్తాడు.

"మా అక్క చేసింది," అన్నాడు గట్టిగా. "నాకు రాదు."

ఆర్కిటెక్టు ముందుగా తేరుకున్నాడు. "మంచిదమ్మా, అంతా మంచికే. ఇంకేం, రండి, మీరే కొట్టండి. వెలుతురు బాగుంది."

ఎతెల్వినా లేచి, చేతులు పావడాకి తుడుచుకుని వచ్చింది. మూడో కూజా అందుకుంది. సుత్తి అందుకోలేదు. పీట మీద కూర్చుని కూజాని ఒళ్లో బోర్లించుకుంది.

"ముందు పేరు," అంది.

అబ్దోన్‌కి ప్రాణం లేచొచ్చింది. తోలుగుడ్డ జేబులోంచి ముద్ర తీశాడు.

"అది కాదు. ఇనప మొల తీసుకో. నా పేరు కొట్టు."

"అడుగున ప్రభుత్వ చిహ్నం, పురస్కారం అందుకునేవారి పేరు, అంతేనమ్మా," అంది మేడమ్ మర్యాదగానే. "ఇంకేమీ ఉండకూడదని రూలు."

"అయితే ఆ రూలునే వచ్చి మడత వెయ్యమనండి."

చోన్‌కి దగ్గొచ్చింది. మేడమ్ చీలిన కూజాలు రెండూ చూసింది. ఆర్కిటెక్టుని చూసింది. ఆర్కిటెక్టు తన బూట్లు చూసుకున్నాడు.

"చిహ్నాన్ని కొంచెం పక్కకి జరపొచ్చులే," అంది మేడమ్.

అబ్దోన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాగి మీద మొల ఆనించాడు. పంతొమ్మిదేళ్లుగా పట్టుకున్నట్టే ఆమె కూజాని గట్టిగా పట్టుకుంది. ఈ పేరు అతను ఎన్నడూ రాగి మీద రాయలేదు. మొదటి అక్షరం చుక్క చుక్కగా పూర్తయింది.

"ఒకటీ!" అన్నాడు చోన్.

రెండో అక్షరానికి పక్కవాడు అందుకున్నాడు. "రెండూ!" మూడో అక్షరానికి అందరూ అన్నారు. ఐదు దాటి లెక్క ఆ కొలిమిలో ఏనాడూ పోలేదు, ఐదు కాగానే మళ్లీ ఒకటే. ఆ రోజు ఆరు అన్నారు, ఏడు అన్నారు, ఎనిమిది దాకా పోయారు. మా రాతలో ఆమె పేరుకి ఎనిమిది అక్షరాలు. ఎతెల్వినా కదలలేదు.

అబ్దోన్ రాగి పొడి ఊదేశాడు. కాస్త ఆశగా అడిగాడు. "ఇంటిపేరు కూడా కొట్టనా అక్కా?"

"వద్దు. అది కొడితే మళ్లీ నువ్వే అనుకుంటారు."

ఆమె బొటనవేలితో ఎనిమిది అక్షరాలూ తడిమి చూసుకుంది. చివరిది కాస్త వంకర పోయింది. పోనీలే అనుకుంది. కూజాని తిప్పి నిలబెట్టి, చిన్న సుత్తి కోసం చెయ్యి చాపింది.

"ఆ మొల జాగ్రత్తగా పెట్టుకో," అంది తమ్ముడితో. "ఇంకా ఎనిమిదింటికి కొట్టాలి నువ్వు. తిత్తి ఊదు చోన్ మామా, బొగ్గు చల్లారిపోతంది."